ఉల్లిపొర, కల్లునురగ, ఒక నూలుపోగు

పాతపట్నం పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఒకటుంది. ఆ కాలేజీ బాటనీ లాబులో అసిరమ్మ అటెండరు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ, గాజుగొట్టాలు కడుగుతూ, స్లయిడ్లు తుడుస్తూ ఫస్టియర్ బాటనీ పాఠాలు పంతొమ్మిదిసార్లు వింది. లెక్చరర్లు మారేరు. సిలబస్ మారింది. మైక్రోస్కోపులు సైతం ఓసారి మారేయి. అసిరమ్మ మాత్రం అక్కడే ఉంది.

ఉల్లిపొర ముడత పడకుండా ఒలిచి గాజుపలక మీద పరచాలన్నా, దాని మీద ఎర్రరంగు చుక్క వేసి గాలిబుడగ దూరకుండా పైపలక వాల్చాలన్నా ఆవిడ చెయ్యే. ఆ రంగు ఆవిడ వేళ్ళకి ఎంతలా పట్టేసిందంటే, పెళ్ళిళ్ళకెళ్తే "గోరింటాకు బాగా పండిందే" అనేవారు చుట్టాలు. ఆవిడ కాదనేది కాదు.

కడిగే ముందు ప్రతి స్లయిడూ ఒకసారి మైక్రోస్కోపులో చూడ్డం ఆవిడకి అలవాటు. ఎవరూ చూడమన్లేదు, వద్దనీ అనలేదు. ఉల్లిపొర ఇటుకలు పేర్చిన గోడలా ఉంటాదని, రొట్టె మీద బూజు గదుల్లేని పొడుగు వసారాలా ఉంటాదని, ఈస్టు చంకన పిల్లనెత్తుకున్న తల్లిలా ఉంటాదని పిల్లలకి చెప్పేది. పిల్లలు పుస్తకంలో చదివింది మర్చిపోయినా ఇది మర్చిపోయేవారు కాదు.

ఆ ఏడాది మార్చిలో, గురువారం ఉదయం పది గంటలకి ప్రాక్టికల్ పరీక్ష. విజయనగరం నించి ఎగ్జామినర్ వస్తున్నాడు. ప్రశ్న ముందే తెలుసు. మొక్క కణం, శిలీంధ్ర కణం పక్కపక్కన చూపించి తేడాలు చెప్పాలి. ఉల్లిపొర ఒకటి, రొట్టెబూజు ఒకటి, ఈస్టు ఒకటి, మూడు స్లయిడ్లు. ముప్పయిద్దరు పిల్లలు.

ఉల్లిపాయలు బుట్టెడున్నాయి. తడిగుడ్డ కింద పెట్టిన రొట్టెముక్క మీద నాలుగు రోజుల్లో నల్లచుక్కల బూజు ఏపుగా లేచింది. చిక్కంతా ఈస్టు దగ్గరొచ్చింది. బుధవారం మధ్యాహ్నం అసిరమ్మ బీరువాలోంచి ఈస్టు పొట్లం తీసి, గోరువెచ్చని పంచదార నీళ్ళలో కలిపి, పైన గుడ్డ కప్పింది. అరగంట చూసింది. గంట చూసింది. నురగ లేదు, వాసన లేదు. అడుగున బురదలా పేరుకుని పడుంది.

"మేడం, ఇది లేవదు," అంది లోపలికొచ్చిన హర్షితతో.

హర్షిత బాటనీ లెక్చరరు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పరీక్ష పిల్లలకే గానీ భయమంతా ఆ అమ్మాయికే పట్టుకుంది. పొట్లం తిప్పి తేదీ చూసింది. రెండేళ్ళ కిందటే గడువైపోయింది. అయినా ఆశ చావక ఒక చుక్క స్లయిడు మీద వేసి, నీలిరంగు కలిపి చూసింది. ఉన్న కణాలన్నీ నీలంగా తిరిగేయి. బతికున్న ఈస్టు ఆ రంగుని లోపల నిలవనివ్వదు. నీలం పట్టిందంటే చచ్చినట్టే.

"అన్నీ పోయేయి అసిరమ్మగారూ," అంది హర్షిత. ఏడుపొక్కటే తక్కువ.

సెకండ్ బెంచీలో ఉల్లిపాయలు సర్దుతున్న కన్యాకుమారి లేచి, "మా కొట్లో ఉందేమో అడుగుతాను మేడం," అంది. వాళ్ళ నాన్నకి బజార్లో కిరాణా కొట్టుంది. ఫోన్ చేసింది. పావుగంటలో కొట్టు మనిషి సైకిలు మీద వచ్చి పొట్లం ఇచ్చేడు. విప్పితే సోడా ఉప్పు.

"పొంగడానికే గదమ్మా అని పంపించేరట," అని కన్యాకుమారి తల దించుకుంది.

ఊళ్ళో బేకరీ ఉంది గానీ వాళ్ళకి రొట్టె శ్రీకాకుళం నించి వ్యానులో వస్తాది. కాంటీనులో పులిసిన ఇడ్లీపిండి తెచ్చి చూసేరు. అయోడిన్ చుక్క వేస్తే స్లయిడు మొత్తం నల్లటి నీలం.

"ఇదంతా బియ్యమే మేడం," అంది అసిరమ్మ. "ఇందల ఈస్టుని ఎతకడమంటే తీర్తంలో తప్పిపోయిన పిల్లని ఎతికినట్టే."

హర్షిత కుర్చీలో కూలబడింది. అసిరమ్మ కాసేపు కిటికీలోంచి రోడ్డవతల తాడితోపు వైపు చూసింది. తర్వాత మెల్లిగా అంది.

"మేడం, ఓటి సెప్తాను. కోప్పడకండి. కల్లులో బోలెడుంటాది."

"ఏముంటుంది?"

"ఈస్టు. పొద్దున్న దించిన కల్లు సుక్క ఏసి సూస్తే తల్లీ పిల్లా కిటకిటలాడిపోతాయి. పాత సారొకాయన మా ఈది కొండబాబు చేత తెప్పించీవోడు. పదేళ్ళయిపోనాది."

హర్షిత మొహం పాలిపోయింది. కారణం ప్రిన్సిపాలు అబ్రహాం గారు. ఆయన బాప్టిస్టు సంఘంలో పెద్ద. తండ్రి ఊరూరా తిరిగి తాగుడు మాన్పించిన బోధకుడు. సోమవారం ప్రార్థనలో ఆ మాట ఎత్తకుండా ఆయన పిల్లల్ని క్లాసుకి పంపడు. ఆ కాంపౌండులో వక్కపొడి నమిలినా కబురు ఆయనదాకా పోతాది.

హర్షిత లేచి బల్ల మీద కాయితాలు అక్కర్లేకపోయినా సర్దింది. "అసిరమ్మగారూ, నాకేం వినపడలేదు."

"నాను ఏటీ సెప్పనేదు మేడం," అంది అసిరమ్మ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేలోగా అసిరమ్మ పిల్లలందర్నీ చుట్టూ నిలబెట్టుకుని ఆఖరిసారి పాఠం వల్లె వేయించింది.

"మొక్క గోడ దేంతో కట్టేరే?"

"సెల్యులోజు."

"ఆ పేరు రేపు నోటికి రాపోతే? నూలు. పత్తిలో ఉన్నదే. శిలీంధ్రం గోడ?"

"కైటిన్."

"రొయ్యపొట్టు. రొయ్యకి పైన డొల్లుంటాది సూడు, అందల ఉన్నదే."

"మేం రొయ్యలు తినం పిన్నీ. నేనెప్పుడూ చూళ్ళేదు," అంది కన్యాకుమారి.

"తినొద్దులేయే. గుర్తెట్టుకో, సాలు."

గురువారం తెల్లవారగానే కొండబాబు చెట్టు దిగి లొట్టిలో కల్లు వడకట్టి అసిరమ్మ నీళ్ళసీసాలో పోసేడు.

"వదినా, మూత గట్టిగా ఎట్టకు. ఇది ఊరుకోదు," అన్నాడు.

"ఆటోలో ఒలికితే ఊరంతా కంపు. నాకు తెల్దేటి?" అని అసిరమ్మ మూత బలంకొద్దీ బిగించి, సంచిలో పెట్టి, పైన అన్నం డబ్బా పెట్టుకుని బయల్దేరింది. ఆటోలో పదిమంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే సీసా రాయిలా గట్టిపడటం చేతికి తెలుస్తూనే ఉంది. కాలేజీ వచ్చేస్తోంది గదా, లాబులోకెళ్ళి తీద్దామనుకుంది.

గేటు దగ్గర ఆటో దిగేసరికి ఎదురుగా అబ్రహాం గారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు. పక్కన ఎగ్జామినర్. ఆయన పేరు బంగారురాజు. సన్నటి మనిషి, భుజం మీద ఖద్దరు కండువా, చేతిలో తోలుసంచి. అప్పుడే కారు దిగేడు.

"మా బాటనీ అటెండరు సార్, అసిరమ్మ. చాలా నమ్మకమైన మనిషి," అన్నాడు అబ్రహాం గారు.

అసిరమ్మ దణ్ణం పెట్టడానికి చేతులెత్తింది. సంచి మోచేతి మీదికి జారింది. జారిన కుదుపుకి టప్పుమని ఓ శబ్దమైంది. అన్నం డబ్బా కింద పడింది. మూత గాల్లోకి లేచి దొర్లుకుంటూ పోయి బంగారురాజు గారి చెప్పు దగ్గర ఆగింది. తెల్లటి నురగ అసిరమ్మ చీరమీంచి, అబ్రహాం గారి బూట్ల మీంచి పారింది. ఆ వాసన ఏమిటో చెప్పక్కర్లేకుండా గేటు దగ్గరున్న వాళ్ళందరికీ తెలిసిపోయింది.

అబ్రహాం గారు బూట్లకేసి చూసుకున్నాడు. తర్వాత అసిరమ్మకేసి చూసేడు.

"అసిరమ్మా. ఏమిటిది?"

"స్పెసిమెన్ సార్."

"ఏం స్పెసిమెను?"

"ఈస్టు సార్." అబద్ధం మాత్రం నోటికి రాలేదు. "కల్లులో ఉన్న ఈస్టు."

బంగారురాజు గారు వంగి మూత తీసి ఇచ్చేడు. "ఎంత మిగిలింది?"

"సగం సార్."

"చాలు. స్లయిడుకి ఒక్క చుక్క."

"లేదు సార్," అన్నాడు అబ్రహాం గారు. "ఈ గేటు లోపలికి ఇది రావడానికి వీల్లేదు. మా నాన్నగారు బతికుంటే..."

 అసిరమ్మ అన్నం డబ్బా ఏరుకుని అంది. "సార్, బీరువాలో ఈస్టు సచ్చిపోనాది. ముప్పయిద్దరు పిల్లలున్నారు. తెచ్చింది నాను, మేడంకేటీ తెల్దు. ఓపాలి లోపలికొచ్చి సూడండి. సూసేక నన్ను ఇంటికి పొమ్మంటే పోతాను."

అబ్రహాం గారు జేబురుమాలుతో బూట్లు తుడుచుకున్నాడు. "సరే. ఒక గాజుగొట్టం నిండా తీసుకో. అంతే. మిగతాది ఇక్కడ వాచ్‌మన్‌కి..." అంటూ వాచ్‌మన్ మొహం చూసేడు. వాచ్‌మన్ అప్పటికే చెయ్యి చాపేడు. "వద్దు," అన్నాడు అబ్రహాం గారు. "నాకివ్వు."

అలా కల్లుసీసా రెండు వేళ్ళతో మెడ దగ్గర పట్టుకుని, ఒంటికి దూరంగా, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని ప్రిన్సిపాలు గారు కాలేజీ ముంగిలి దాటుకుని వెళ్ళేడు. మేడ మీద కిటికీలన్నీ పిల్లల తలకాయలతో నిండిపోయేయి. ఒక్కరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక ఇద్దరు మాత్రం కింద కూర్చుండిపోయేరట.

లాబులో అసిరమ్మ ఆయన పట్టుకున్న సీసాలోంచి గాజుగొట్టం నింపుకుని, అందులోంచి ఒక చుక్క తీసి, నీలిరంగు కలిపి, పలక వాల్చి, మైక్రోస్కోపు సరిచేసి పక్కకి జరిగింది. అబ్రహాం గారు చరిత్ర మేష్టారు. పదో తరగతి తర్వాత మైక్రోస్కోపు ముట్టుకోలేదు. కళ్ళజోడు తీసి వంగేడు.

"ఏమీ లేదే... ఆఁ. ఉన్నాయి." ఇంకాస్త వంగేడు. "ఇవి బతికే ఉన్నాయా?"

"రంగు పట్టనివన్నీ బతికున్నాయే సార్. పక్కన సిన్న బుడిపుందా? అది పిల్ల. ఎదిగి ఎల్లిపోతాది."

"ఆకుపచ్చగా ఏం లేదేం? మొక్క గదా?"

"మొక్క కాదు సార్. మొక్కయితే ఎండలో కూకుని సొంతంగా ఒండుకుంటాది. ఇయ్యి ఒండుకోనేవు. ఉన్నదాన్నే తింటాయి. తాడి నీరులో తీపి తినేసి కల్లు సేస్తాయి."

"అయితే పాపమంతా వీటిదన్నమాట."

"తాగమని అయ్యి సెప్పనేదు సార్," అంది అసిరమ్మ. "పొద్దున్న మీరు తిన్న బన్ను పొంగించిందీ ఇయ్యే."

వెనకనించి బంగారురాజు గారు దగ్గేడు. అది దగ్గో నవ్వో తెలీలేదు. అబ్రహాం గారు తల ఎత్తకుండానే, "పరీక్ష మొదలెట్టండి," అన్నాడు. అన్నాడే గానీ ఇంకో రెండు నిమిషాలు ఆ కుర్చీ వదల్లేదు.

పరీక్ష సాఫీగానే సాగింది. ఉల్లిపొరలు ఎర్రగా దిద్దినట్టు వచ్చేయి. పదకొండున్నరకి వంతు కన్యాకుమారిదైంది. బంగారురాజు గారు ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో తేడాలు అడిగేడు. ఆ పిల్లకి రాత్రి చదివిన ఇంగ్లీషంతా ఒక్కసారి ఆవిరైపోయింది.

"తెలుగులో చెప్పు ఫరవాలేదు," అన్నాడాయన.

"ఉల్లిపొర గోడ నూలుతో కట్టింది సార్. బూజు గోడ రొయ్యపొట్టుతో కట్టింది. ఉల్లికి లోపల పెద్ద నీళ్ళతొట్టి ఒకటుంటుంది. అది గదంతా ఆక్రమించేస్తే కేంద్రకం గోడవార సర్దుకుంటుంది. మొక్క తిండి పిండిగా దాచుకుంటుంది, అయోడిన్ వేస్తే నీలం. బూజు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, మన కాలేయం దాచుకున్నట్టు. దానికి గోధుమ ఎరుపు వస్తుంది."

"రొయ్యపొట్టా! తిన్నావా ఎప్పుడైనా?"

"ఛ! మేం తినం సార్."

బెంచీలన్నీ ఫక్కుమన్నాయి. ఆయనా చిన్నగా నవ్వేడు. "ఈస్టు గోడలో ఆ పదార్థం కొంచెమే ఉంటుంది. బూజుపోగులో ఎక్కువ. అది గుర్తుపెట్టుకో. మిగతా అంతా బాగా చెప్పేవు." తర్వాత ఆమె బూజు స్లయిడులో గాలిబుడగ కనిపిస్తే పైపలక తీసి, కండువా కొసతో తుడిచి, మళ్ళీ వాల్చి, మైక్రోస్కోపు మీదికి వంగేడు. వంగినవాడు మురిసిపోయేడు. "హర్షితా, ఇలా రామ్మా. ఎంత చక్కగా వచ్చిందో చూడు. ఒక్క పోగు, ఈ కొసనించి ఆ కొసదాకా ఒక్క అడ్డుగోడ లేదు. రొట్టెబూజు, రైజోపస్ అంటే ఇదీ. పిల్లలందర్నీ ఒకసారి చూడనియ్యి."

పిల్లలు వరసగా చూసి వెళ్ళేరు. హర్షితా చూసింది. ఏదో తేడాగా అనిపించినా పక్కకి తప్పుకుంది. ఆఖర్న స్లయిడు కడగడానికి తీసుకున్న అసిరమ్మ అలవాటుకొద్దీ తనూ కన్ను పెట్టింది. పెట్టి, తియ్యకుండానే అంది.

"ఇది బూజు కాదు సార్."



"మరేమిటి?" అన్నాడు బంగారురాజు గారు.

"మీ కండువా."

ఆయన కండువా తడుముకున్నాడు. మొహం ఎర్రబడింది. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా నేను."

అసిరమ్మ నాలిక కరుచుకుంది. పొద్దున్న గేటు దగ్గర ఒకరు, ఇప్పుడు ఈయన. ఉద్యోగం ఈ పూటతో సరి అనుకుంది. అప్పుడు ఎవరూ అనుకోని మనిషి మాట్లాడింది. హర్షిత.

"సార్, తేల్చేయొచ్చు," అంది. "సెల్యులోజు అయితే అయోడిన్ తర్వాత గంధకామ్లం తగిలితే నీలమవుతుంది. కైటిన్ అవదు. బూజుపోగులు కూడా అదే స్లయిడులో ఉన్నాయి. రెండూ ఒకేసారి తెలిసిపోతాయి."

బంగారురాజు గారు చెయ్యి ఊపేడు, కానియ్యమన్నట్టు.

హర్షిత పైపలక అంచున అయోడిన్ చుక్క పెట్టి, రెండో అంచున అద్దుడు కాయితం ఆనించి రసం లోపలికి లాగింది. తర్వాత నీళ్ళు కలిపిన ఆమ్లం చుక్క అలాగే పంపింది. ఎగ్జామినర్ కన్ను పెట్టేడు. ఆయన చూస్తూండగానే ఆ పోగు ఉబ్బుతూ, కొసనించి మొదలై ఆకాశమంత నీలంగా తిరిగిపోయింది. దాని కిందనున్న బూజుదారాలు పసుపుగా అలాగే ఉండిపోయేయి.

ఆయన లేచేడు. కండువా కొసనించి ఒక పోగు లాగేడు. స్వయంగా నీటిచుక్కలో పెట్టి, ఇంకో మైక్రోస్కోపులో చూసేడు. రెండు మైక్రోస్కోపుల మధ్యా రెండుసార్లు తిరిగేడు. ఆనక పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టేడు. ఆ సన్నటి మనిషిలో అంత నవ్వుందని ఎవరూ అనుకోలేదు.

"ఎలా పట్టేవమ్మా?"

"నాను పొందూరులో పుట్టేను సార్. మాయమ్మ రాట్నం మీద వడికీది. పత్తిపోగు ఎండితే గొట్టం అణిగిపోయి రిబ్బను లాగ మెలి తిరుగుతాది. బూజుపోగు మెలి తిరగదు, గుండ్రంగా పాక్కుంటా పోతాది. కండువా కూడా పొందూరుదేనాండి?"

"పొందూరుదే," అన్నాడాయన గర్వంగా. పిల్లలకేసి తిరిగేడు. "వినండి. ఈ పోగుంది చూసేరా, అంగుళం పొడుగు. ఇదంతా ఒక్క కణం. ఒక్క మొక్క కణం. గోడ మాత్రం మిగిలి లోపలిదంతా ఎండిపోయింది. మీరు ఒంటిమీద కట్టుకునేవి మొక్క కణాల గోడలు." ముప్పయిద్దరు పిల్లలూ తమ తమ ఓణీలూ దుపట్టాలూ ఒకసారి చూసుకున్నారు.

"సార్, మరి నా మార్కులు?" అంది కన్యాకుమారి నీరసంగా.

"కండువా నాది, మార్కులు నీవి," అన్నాడాయన.

మూడింటికి ఆయన కారెక్కేడు. ఎక్కేముందు హర్షితతో, "వచ్చే నెల మా కాలేజీలో ప్రాక్టికల్స్‌కి నువ్వు ఎగ్జామినరుగా రావాలమ్మా. నీ పేరు పంపుతాను," అన్నాడు. హర్షిత ఆ మాట నమ్మడానికి కారు మలుపు తిరిగేదాకా పట్టింది.

నాలుగింటికి అసిరమ్మకి ప్రిన్సిపాలు గదినించి పిలుపొచ్చింది. చీర ఇంకా కల్లు కంపే. గుమ్మంలోనే నిలబడింది. కల్లుసీసా కిటికీ గట్టుమీద, మూత లేకుండా ఉంది. దాని మీద తెల్లకాయితం గొట్టంలా చుట్టి ఉంది. కాయితం మీద ఎర్రసిరాతో పెద్ద అక్షరాలు: బాటనీ.

"మధ్యాహ్నం సంఘం పెద్దలు ఇద్దరొచ్చేరు," అన్నాడు అబ్రహాం గారు. "వాళ్ళకి కిటికీలో ఈ సీసా కనిపించింది."

"క్షమించండి సార్."

"నేనే చెప్పేను, శాస్త్రానికి సంబంధించిందని. నమ్మినట్టే ఉన్నారు." ఒక కాయితం ముందుకు తోసేడు. కొత్త ఈస్టు పొట్లాలకి ఆర్డరు. సంతకం అయిపోయింది. "ఇకమీదట ఏటేటా తేదీ చూసి తెప్పించండి. గేటు దగ్గర ఇలాంటిది మళ్ళీ వద్దు."

"వద్దు సార్."

ఆవిడ వెనక్కి తిరిగింది. "అసిరమ్మా," అన్నాడాయన. "ఆ ఉల్లిపొర నేను చూళ్ళేదు. రేపు ఖాళీ ఉన్నప్పుడు ఒకటి పెట్టి ఉంచు."

"పెడతాను సార్. ఈ సీసా?"

"నేనే పారబోస్తాను," అన్నాడాయన గంభీరంగా. "వాచ్‌మన్ వెళ్ళిపోనీ."

బయట ఎండ తగ్గింది. పాతపట్నం ఆటో కోసం పిల్లలు రోడ్డువార గుంపుగా నిలబడి, కండువా కథ ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ మళ్ళీ నవ్వుకుంటున్నారు. అసిరమ్మ కనపడగానే కన్యాకుమారి పరిగెత్తుకొచ్చింది.

"పిన్నీ, పిన్నీ! రేపు జువాలజీ. జంతువు కణానికి గోడ దేంతో కడతారు?"

"అది నా లాబు కాదే. జువాలజీ అటెండరు ధనరాజుని అడుగు," అంది అసిరమ్మ ఆటోకి చెయ్యెత్తుతూ. ఆటో ఆగింది. ఓ కాలు లోపల పెట్టి, మనసొప్పక తల బయటికి పెట్టింది. "ఒలే! గోడే ఉండదు. పొర ఒక్కటే. అదే రాసియ్యి!"